చర్మానికి చాతుర్వర్ణ్యం

ఏ చేనుకు ఏ ఎరువో చెప్పడానికి భూసార పరీక్ష ఉన్నట్టే, ఏ మొఖానికి ఏ క్రీమో చెప్పడానికి ఇప్పుడు టిష్యూ పరీక్ష వచ్చింది. మొఖం కడుక్కొని, ఏమీ రాయకుండా ఒక అరగంట కూర్చొని, పల్చని కాగితం నుదుటికీ ముక్కుకూ చెంపలకూ అద్దాలి. అంతటా జిడ్డు అంటితే ఆయిలీ, ఏమీ అంటక చర్మం బిగుసుకుపోతే డ్రై, నుదురు జిడ్డుగా చెంపలు పొడిగా ఉంటే కాంబినేషన్, ఏ గొడవా లేకపోతే నార్మల్. ఈ నాలుగు వర్ణాల్లో ఎక్కడా ఇమడని వాళ్ళకు ఊరి బయట సెన్సిటివ్ అనే వాడ ఒకటి. కరీంనగర్ బ్యూటీ పార్లరైనా, మంచిర్యాల ఫ్యాన్సీ దుకాణమైనా, ఫోనులో వీడియో అయినా తీర్పు ఇదే. తీర్పు వెంటే జరిమానా: ఫేస్‌వాష్, టోనర్, సీరమ్, పగటికొక క్రీము, రాత్రికొక క్రీము. చర్మం రకం పుట్టుమచ్చలా చచ్చేదాకా పోదని చెబుతారు. మన ఉమ్మడి ఆదిలాబాద్, కరీంనగర్ జిల్లాల వాతావరణం ఈ సిద్ధాంతాన్ని చదివినట్టు లేదు. చలికాలంలో అర్లి(టి), గిన్నెధరి, సిర్పూర్(యు) పేర్లు పేపర్లలో ఐదు డిగ్రీల పక్కన అచ్చవుతాయి. మే నెలలో రామగుండం పేరు 45 పక్కన కనిపిస్తుంది. సంక్రాంతికి పరీక్ష పెడితే ఆదిలాబాద్ మొత్తం డ్రై, రోహిణి కార్తెలో పెడితే ఆ జనమే ఆయిలీ. నాలుగు నెలల్లో వర్ణం మార్చుకునే వెసులుబాటు మనువు కూడా ఇవ్వలేదు.

ఈ విభజన పుట్టింది ఆస్పత్రిలో కాదు, దుకాణంలో. క్రాకోవ్‌లో పుట్టి, ఆస్ట్రేలియాకు వలసపోయి, 1900ల తొలినాళ్ళలో మెల్‌బోర్న్‌లో క్రీముల దుకాణం తెరిచిన హెలీనా రూబిన్‌స్టీన్‌కే పొడి, జిడ్డు, మామూలు అనే ముక్కలు చేసిన ఘనతను సాధారణంగా కట్టబెడతారు. ఆమె అమ్మిన వలేజ్ క్రీములో కార్పేథియన్ కొండల మూలికలున్నాయని అప్పటి ప్రచారం. అసలు సరుకు లానోలిన్, అంటే గొర్రె బొచ్చుకు అంటుకొని ఉండే కొవ్వు. మన కురుమలు గొంగళ్ళు నేసే బొచ్చులోనూ అదే ఉంటుంది; పాపం, వాళ్ళకు డబ్బా మీద వేసుకోవడానికి కార్పేథియన్ కొండలు దొరకలేదు. మూడు రకాలతో అమ్మకం ఆగిపోకుండా నాలుగోది కాంబినేషన్ వచ్చి చేరింది. కొత్తగా కనిపెట్టింది ఏమిటయ్యా అంటే, మనిషి మొఖాన్ని! జిడ్డు గ్రంథులు నుదుటి మీద, ముక్కు మీద, గడ్డం మీద ఎక్కువగా, చెంపల మీద తక్కువగా ఉండటం మానవజాతి అంతటికీ ఉన్న అమరికే. దానికి ప్రత్యేకమైన క్రీము కొనడమంటే రెండు కాళ్ళున్నవాళ్ళకు మాత్రమే కుట్టిన ప్యాంటు కొనడం. ఈ శతాబ్దం మొదట్లో లెస్లీ బామన్ అనే అమెరికా డాక్టరు రకాలను పదహారుకు పెంచారు. ఇంకా పెరిగితే మనిషికొక ఫ్యాక్టరీ పెట్టాలి.

డాక్టర్లు కూడా జిడ్డు చర్మమా, పొడి చర్మమా అని అడుగుతారు కదా అని ఒక అభ్యంతరం. అడుగుతారు, అడగాలి కూడా. మొటిమలున్న మొఖానికి చిక్కటి జిడ్డు క్రీము రాస్తే మొటిమలు పెరగొచ్చు. చిన్నప్పటి నుంచి ఎగ్జిమాతో దురదపడే పిల్లలకు మామూలు సబ్బే శత్రువు. చర్మం పైపొర కొంచెం ఆమ్లగుణంతో ఉంటుంది, సబ్బు క్షారం. రోజుకు నాలుగుసార్లు రుద్దితే ఎవరి చర్మమైనా పొడిబారుతుంది. కానీ డాక్టరు అడిగేది ఈ కాలంలో, ఈ వయసులో, ఈ పనిలో నీ చర్మం ఎట్లుందని. దుకాణం అడిగేది నువ్వు ఏ అల్మారా ముందు నిలబడాలని. చాలామందికి కావలసింది ఎక్కువగా రుద్దని సబ్బు, స్నానం కాగానే తడి ఆరకముందే రాసే ఏదో ఒక జిడ్డు. ఉట్నూరు, ఇంద్రవెల్లి గూడేల్లో ఆ జిడ్డు ఇప్ప నూనె, కిరాణంలో అయితే వాజిలిన్. దీనికి పరీక్ష అక్కర్లేదు, అందుకే ప్రచారమూ లేదు. ఇట్లా అన్నానని వంటింటి వైద్యానికి జై కొట్టినట్టు కాదు. నిమ్మకాయ పిండి మొఖానికి పూసుకొని ఎండలోకి పోతే ఆ రసమే ఎండతో కలిసి చర్మాన్ని కాల్చి నల్లమచ్చలు మిగిలిస్తుంది. చెట్టుకు కాసినంత మాత్రాన ఏదీ మన చర్మానికి చుట్టం కాదు.

రకాల లెక్కలో ఎన్నడూ రాని ప్రశ్న పని గురించి. ఏప్రిల్, మే నెలల్లో ఆసిఫాబాద్, మంచిర్యాల అడవుల్లో తునికాకు తెంపే ఆడవాళ్ళ చర్మం ఏ రకం? వాళ్ళను సన్‌స్క్రీన్ రాసుకోమంటే సరా? దాని డబ్బా మీది అంకె నిజం కావాలంటే చదరపు సెంటీమీటరుకు 2 మి.గ్రా. చొప్పున రాయాలి, ఎండలో ఉంటే రెండు గంటలకోసారి మళ్ళీ రాయాలి. ఒళ్ళంతటికీ సుమారు 30 మి.లీ. అవుతుంది, మొఖం, మెడ, రెండు చేతులకే దాదాపు 8. పొద్దున ఆరింటి నుంచి పదకొండింటి దాకా మూడుసార్లు రాస్తే 50 మి.లీ. ట్యూబు రెండు రోజులకు చాలీచాలకుండా వస్తుంది, ఆకు కూలి ట్యూబులోకే పోతుంది. అందుకే వాళ్ళు లెక్క తెలిసిన మనుషుల్లాగా చీర మీద మగవాళ్ళ నిండుచేతుల అంగీ తొడుక్కొని తలకు తువ్వాల చుట్టుకుంటారు. పత్తి చేన్లలోనూ ఇదే వేషం. కరీంనగర్‌లో స్కూటీ నడిపే అమ్మాయిలు కళ్ళు తప్ప ఏమీ కనిపించకుండా స్కార్ఫ్ కట్టుకుంటే నవ్వేవాళ్ళున్నారు. చర్మశాస్త్రం వాళ్ళ పక్షమే. ఇక పత్తికి మందు కొట్టేవాళ్ళ సంగతి. పెన్‌గంగకు అవతల యవత్‌మాల్ జిల్లాలో 2017లో మందు కొడుతూ ఇరవై మందికి పైగా చనిపోయారు. ఊపిరితోనే కాదు, చర్మం గుండా కూడా ఒంట్లోకి ఇంకే విషాలవి. చర్మసంరక్షణ పేరిట మన పల్లెకు వచ్చిన సంచుల్లో సీరమ్ ఉంటుంది గానీ, రబ్బరు గ్లౌజులు ఉండవు.

ఈ రకాల మాటల అడుగున ఉన్నది రంగు. 1975 ఈ విషయంలో గొప్ప సంవత్సరం. ఆ ఏడాదే అమెరికాలో థామస్ ఫిట్జ్‌ప్యాట్రిక్ అనే డాక్టరు ఎండకు కమిలే తీరును బట్టి చర్మాన్ని వర్గీకరించాడు. కాంతి చికిత్సలో ఎంత మోతాదు ఇవ్వాలో తేల్చడానికి తెల్లవాళ్ళ కోసం చేసిన పట్టిక అది. గోధుమ, నలుపు రంగులు తర్వాత తోక గళ్ళలో చేరాయి. ఆ ఏడాదే ఆల్బర్ట్ క్లిగ్మన్, తోటి డాక్టరుతో కలిసి, చర్మం రంగు తగ్గించే మూడు మందుల మిశ్రమాన్ని ప్రకటించాడు. అందులో ఒకటి స్టెరాయిడ్. ఆ ఏడాదే మన దేశంలో ఫెయిర్ అండ్ లవ్లీ అంగట్లోకి దిగింది. 2020లో ఫెయిర్ పోయి గ్లో వచ్చింది. నలభై అయిదేళ్ళ పశ్చాత్తాపం ఒక్క మాటలో తీరిపోయింది. అందంగా కనిపించాలనుకోవడం తప్పా అని అడిగేవాళ్ళకు జవాబు: ఎంతమాత్రం కాదు. అందం అంటే ఒకటే రంగని ఎవరు చెప్పారన్నదే తగాదా. కరీంనగర్ గుట్టల్లో తొలిచే గ్రానైట్‌లో పేరున్న రకం టాన్ బ్రౌన్. ఆ గోధుమ నలుపు రాళ్ళు రైలెక్కి కాకినాడ రేవు చేరి, ఓడలో దేశాలు దాటుతాయి. బయటివాళ్ళు ఆ రంగును పైసలు పెట్టి కొని ఇంట్లో పరుచుకుంటారు. అదే రంగు మొఖం మీద ఉంటే సంబంధం కుదరదని ఇక్కడ క్రీము కొంటాం.

క్లిగ్మన్ మిశ్రమం లాంటివి డాక్టరు చూపులో కొన్ని వారాలు వాడే మందులు. మన దగ్గర వాటిని సబ్బుల పక్కన అడిగి తెచ్చుకుంటారు. స్టెరాయిడ్ రాసిన కొత్తలో మొఖం తెల్లబడి నున్నగా అవుతుంది. అందుకే ఒకరు చెప్పి పదిమంది కొంటారు. తర్వాత చర్మం పల్చబడుతుంది, నరాలు ఎర్రగా తేలుతాయి, మొటిమలు, మీసకట్టులా వెంట్రుకలు. గజ్జల్లో తామరకు కూడా ఇవే ట్యూబులు: దురద ఆగుతుంది, బూజు హాయిగా పాకుతుంది. ఆ వాడకం ఎంత దూరం పోయిందంటే, మామూలు మందులకు లొంగని ఒక తామర బూజుకు జపాన్ శాస్త్రవేత్తలు 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని మన దేశం పేరే పెట్టారు. 2023కు అది న్యూయార్క్‌లోనూ తేలింది. ఎగుమతుల్లో గ్రానైట్ ఒక్కటే అనుకుంటే పొరపాటు. 2018లో కేంద్రం పద్నాలుగు రకాల స్టెరాయిడ్ పూతలను చీటీ లేకుండా అమ్మరాదన్న జాబితాలోకి తెచ్చింది. చీటీ అడిగే మందుల షాపు ఎక్కడుందో కనుక్కోవడానికి కూడా ఒక చీటీ కావాలి. నెలల తరబడి రాసినవాళ్ళు ఆపితే కొద్ది రోజులకే మొఖం ఎర్రబడి మండుతుంది, ఎండ పడదు, సబ్బు పడదు. అప్పుడు టిష్యూ పరీక్ష వాళ్ళ దగ్గరికి పోతే జవాబు సిద్ధంగా ఉంటుంది: అమ్మా, మీది సెన్సిటివ్ స్కిన్, దానికి వేరే కిట్ ఉంది.