బావా, ఈ హ్యాండిల్ ఏ ఏడాదిది?

మా బావమరిది పాత పద్మిని కారు కొన్నప్పటి నుంచీ నా ఫోనులో మనుషుల మొహాలు కనపడటం మానేశాయి. అన్నీ నాబ్‌లే. ఇంట్లో అందరూ పడుకున్నాక టింగుమంటూ ఒక ఫొటో, దాని కింద ఒకే ప్రశ్న: "బావా, ఇది ఒరిజినలేనా?" అద్దం తిప్పే హ్యాండిల్ ముందు నుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి, పక్కన స్కేలు పెట్టి ఇంకొకటి. మా నాన్నకి ఒకప్పుడు ఈ కారే ఉండేది కనక నాకన్నీ తెలిసుండాలని అతని నమ్మకం. మా నాన్నకి ఆవు కూడా ఉండేది. దాని కొమ్ముల కొలతలు నన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

బండి 1974 నాటిది. అసలు చిక్కంతా అక్కడే ఉంది. 1964లో వచ్చినప్పుడు దాని పేరు ఫియట్ 1100 డిలైట్. ఫియట్‌తో ఒప్పందం తీరాక కొన్నాళ్లు ప్రీమియర్ ప్రెసిడెంట్. ఆ పైన చిత్తోడు రాణి పేరు పెట్టి పద్మినిని చేశారు. రేకు అదే, 1089 సీసీ ఇంజనూ అదే, పేర్లు మూడు. మరి స్టీరింగు నడిమి బిళ్ల మీద ఏ పేరుండాలి? పేరు మారిన ఏడాది తయారైన బండిలో పాత పేరు బిళ్ల కనపడితే అది దోషమా, అదృష్టమా? నాకు నిద్ర కావాలి కనక అదృష్టమే అన్నాను.

ఇటలీ వాళ్లు సుఖపడ్డారు. 1100 డి అక్కడ 1962లో పుట్టి 1966లో వెళ్లిపోయింది. నాలుగేళ్ల బండికి ఎన్ని రకాల నాబ్‌లుంటాయి? మనవాళ్లు అదే కారుని బొంబాయి కుర్లాలో 2000 ప్రాంతం దాకా చేస్తూనే ఉన్నారు. స్టీరింగు పక్కనుండే గేరు చివరికి నేల మీదకి దిగింది. గేరే చోటు మారిందంటే, తలుపు లోపలి చిల్లర సామాను ఎన్ని అవతారాలెత్తిందో మీరే ఊహించుకోండి.

పరీక్షలు లేకపోలేదు. డోర్ ప్యాడ్ ఊడదీసి వెనక హార్డ్‌బోర్డు చూడాలి. కన్నాలు ఒక్క వరసే ఉంటే కంపెనీ ఫిట్టింగ్ అనుకోవచ్చు, రెండో వరస ఉంటే మధ్యలో ఎవరో చెయ్యి పెట్టారు. ఎండ తగలని ఆర్మ్‌రెస్టు కింద రెక్సిన్ అసలు రంగు దొరుకుతుంది. స్క్రూ తల మీద ఒక్క గీతుందా, ప్లస్సు గుర్తుందా చూడాలి. పోత లోహానికి క్రోమ్ పూత వేసిన పాత హ్యాండిల్ చేతికి బరువుగా తగులుతుంది. ఇంత చదువూ చదువుకుని విజయవాడ ఆటోనగర్‌లో ఒక కొట్టుకి వెళ్లాం. అతను గోనెసంచీ బోర్లించాడు. వంపువి, తిన్ననివి, నల్ల పిడివి, తెల్ల పిడివి కుప్పగా పడ్డాయి. "అన్నీ ఒరిజినలే సార్." ఏ ఏడాదివయ్యా అంటే, "మీకు ఏ ఏడాదిది కావాలి?" అన్నాడు.

హ్యాండిల్ అంటే మా ఇంటి హ్యాండిల్ గురించి చెప్పాలి. నాలుగు తలుపులకీ నాలుగుండేవి. మా చెల్లి ఎడాపెడా తిప్పి ఒకటి, నేను ఒకటి, పెళ్లికొచ్చిన చుట్టాల పిల్లలు ఇంకొకటి పీకేశాక ఒక్కటే మిగిలింది. అది డాష్‌బోర్డు అరలో, నాన్న స్వాధీనంలో ఉండేది. గాలి కావాలంటే దరఖాస్తు చేసుకోవాలి. నాన్న అర తీసి అమ్మకిచ్చేవారు, అమ్మ వెనక్కి అందించేది. అద్దం దించుకున్నవాడు వెంటనే వాపసు చెయ్యాలి. ఏలూరు దాటగానే వాన మొదలైందనుకోండి, నాలుగు కిటికీలకీ ఒకే హ్యాండిల్. ముందు నాన్న వైపు, ఆయన చొక్కా ఇస్త్రీది కనక. తరవాత అమ్మ. వెనక నానమ్మ ఉంటే ఆవిడ. మా వంతు వచ్చేసరికి వాన వెలిసేది. ఎక్కించిన అద్దాన్ని మళ్లీ దించడానికి కొత్త దరఖాస్తు. ఆ హ్యాండిల్ ఒరిజినలో కాదో మాలో ఎవరికీ పట్టలేదు. ఎవరి చేతిలో ఉందన్నదే ప్రశ్న.

మా వాడి తాపత్రయానికి చట్టం అండ కూడా ఉంది. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన బండిని 20 వేలు కట్టి వింటేజ్‌గా నమోదు చేయించుకోవచ్చు. కొత్తగా ఇచ్చే నంబరైతే అందులో 'వీఏ' అన్న అక్షరాలు వస్తాయి. ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చకూడదంటారు. హ్యాండిల్ ఊసే లేదు. ప్రభుత్వం వదిలేసినదాన్ని నువ్వెందుకయ్యా పట్టుకుంటావంటే వినడు. అలా నమోదయ్యాక ప్రదర్శనకి, ర్యాలీకి, పెట్రోలుకి, రిపేరుకి తప్ప రోడ్డెక్కకూడదు. రిపేరుకి అనుమతుంది కనక మా వాడు రోజూ తిరగడానికి అడ్డేమీ లేదు.

నిన్నటి ప్రశ్న సీట్ల గురించి. "మీ కారులో రెక్సిన్ ఏ రంగు బావా? మీది కంపెనీ సీటే కదా!" కంపెనీ సీటే. బుక్ చేసి ఏళ్ల తరబడి ఎదురుచూసి తెచ్చుకున్న బండి. రెక్సిన్ మాసిపోతుందని నాన్న తెల్ల కవర్లు కుట్టించారు. కవర్లు మాసిపోతాయని అమ్మ వాటి మీద తువ్వాళ్లు పరిచింది. అమ్మిన రోజున కొనేవాడు అవి రెండూ ఎత్తి చూసి, "సీట్లు కొత్తగా ఉన్నాయండీ" అన్నాడు. నాన్న మొహం వెలిగిపోయింది. అన్నాళ్లూ మేము ఆ సీటుని అతని కోసమే కాపలా కాశామని అప్పుడెవరికీ తోచలేదు. నాన్న కూడా ఒక్క రోజు దాని మీద నేరుగా కూర్చోలేదు.

రెక్సిన్ రంగు తెలియదని రాశాను. ఒప్పుకోలేదు. "అన్నేళ్లు కూర్చున్నారు కదా బావా, గుర్తు తెచ్చుకోండి." తువ్వాలుది ఆకుపచ్చ గళ్లు అని జవాబిచ్చాను. దాన్ని కూడా రాసుకున్నాడు.