సీసా వెనక్కి తిప్పే మనిషి

సూపర్ మార్కెట్‌కి వచ్చినవాళ్లు ప్యాకెట్టు మీద ధర చూస్తారు. కాస్త జాగ్రత్తపరులైతే తేదీ చూస్తారు. స్టిక్కర్లాయన మాత్రం కారప్పొడి ప్యాకెట్టు చేతిలోకి తీసుకోగానే వెనక్కి తిప్పుతాడు. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, ముక్కుకి ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుని, తయారీదారు పేరు దగ్గర మొదలుపెట్టి పిన్‌కోడ్ దాకా చదువుతాడు. చదవడం అయ్యాక బొటనవేలి గోరుతో లేబుల్ మూల గీకి, "వార్నిష్ ఎగ్గొట్టాడు" అని తీర్పు చెప్పి, ప్యాకెట్టు మళ్లీ అరలో పెట్టేస్తాడు. "కారం తీసుకోరా?" అని భార్య అడిగితే అప్పుడు గుర్తొస్తుంది, వచ్చింది కారం కోసమని.

ఈ మనిషి ఒక్క ఊరి సొత్తు కాదు. విజయవాడ గవర్నర్‌పేటలో ఉంటాడు, గుంటూరులో ఉంటాడు, రాజమండ్రిలోనూ వరంగల్‌లోనూ ఉంటాడు. ఒకే షట్టరు గది. అందులో సగం మిషను, పావు వంతు పేపరు రోల్స్. మిగిలిన పావులో కంప్యూటరు, దాని ముందు డిజైనింగ్ చేసే కుర్రాడు, కస్టమరు కోసం ఒక ప్లాస్టిక్ కుర్చీ. రెండో కస్టమరు వస్తే ఓనరు లేచి నిలబడాలి. ఆయన అసలు పేరు కరెంటు బిల్లు మీద ఉంటుంది, అంతే. వీధికి మాత్రం ఆయన స్టిక్కర్లాయన.

తండ్రి కాలంలో అది ట్రెడిల్ మిషను మీద శుభలేఖలు, బిల్లుబుక్కులు, కరపత్రాలు వేసే ప్రెస్సు. శుభలేఖల్ని వాట్సాప్ తినేసింది, బిల్లుబుక్కుల్ని కంప్యూటరు తినేసింది. "పచ్చడి సీసాకి వాట్సాప్ అంటించలేరు కదండీ" అన్న ధైర్యంతో కొడుకు లేబుల్స్‌లోకి దిగాడు. మిషను కోసం భార్య గాజులు బ్యాంకుకి వెళ్లాయి. ఆ మాట ఎవరైనా ఎత్తితే ఆయన దగ్గర జవాబు సిద్ధం. 1935లో లాస్ ఏంజెలెస్‌లో స్టాంటన్ ఏవరీ అనే ఆయన, వెనక కాగితం ఊడదీసి అంటించుకునే స్టిక్కర్ల మిషను కట్టింది కాబోయే భార్య దగ్గర వంద డాలర్లు అప్పు తీసుకునేనట. "అసలు ఈ లైను మొదలైందే ఆడవాళ్ల డబ్బుతో" అంటాడు. ఏవరీ గారి కంపెనీ తర్వాత దేశదేశాలకీ పాకింది. గాజులు ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి.

ఆయన దగ్గరకి వచ్చేవాళ్లలో సగం మందికి ఇంకా సరుకు ఉండదు. పొయ్యి వెలిగించలేదు, సీసాలు కొనలేదు, లైసెన్సుకి పెట్టలేదు. లేబుల్ మాత్రం రేపటికి కావాలి. ఉద్యోగం మానేసి మిల్లెట్ బిస్కట్లు పెడదామనుకున్న కుర్రాడు, రిటైరై తేనె అమ్ముదామనుకున్న మాస్టారు, అత్తగారి రెసిపీతో కందిపొడి వేద్దామనుకున్న కోడలు, అందరూ మొదట వచ్చేది ఇక్కడికే. ఇంట్లోవాళ్ల కంటే ముందు స్టిక్కర్లాయనకే తెలుస్తుంది ఫలానా ఆయన వ్యాపారంలోకి దిగుతున్నాడని. మూడు నెలలకి రెండో ఆర్డరు రాకపోతే, ఎత్తేశాడని తెలిసేదీ ముందు ఆయనకే. అడగడు. స్టిక్కర్ల ఆకారం కోసే డై మాత్రం పారెయ్యకుండా, దాని మీద స్కెచ్ పెన్నుతో పేరు రాసి మేకుకి తగిలిస్తాడు. గోడ నిండా అలాంటి డైలే.

"ఎన్ని వేయమంటారు?"

"ముందు ఓ రెండొందలు వేయండి. బాగుంటే లక్ష వేయిద్దాం."

ఆ లక్ష ఇంతవరకూ రాలేదు. డై చేయించాలి, ప్లేట్లు చేయించాలి, రంగులు కుదిరేదాకా కొన్ని మీటర్ల రోలు వేస్టేజిలో పోతుంది, రెండొందలకైనా రెండు వేలకైనా ఆ తతంగం ఒకటే అని ఆయన చెబుతాడు. కస్టమరు ఓపిగ్గా విని, "శివకాశిలో ఇంకా చవకటగా?" అంటాడు. ఆ పేరు వింటే ఆయనకి ఒళ్లు మండుతుంది. ఆ ఊళ్లో అచ్చు పని పెరిగింది అగ్గిపెట్టెల లేబుళ్ల వల్లే. సొంత అగ్గిపెట్టెలకి లేబుళ్లు వేసుకోవడానికి ప్రెస్సులు పెట్టి, ఆఖరికి దేశానికంతా క్యాలెండర్లు అచ్చేసే స్థాయికి వచ్చారు. ఆయనకీ లోపల వాళ్లంటే గౌరవమే. పైకి మాత్రం "అయితే టికెట్టు చేయించుకోండి" అంటాడు. కస్టమరు కుర్చీలోంచి కదలడు. బేరం వెయ్యి స్టిక్కర్ల దగ్గర తెగుతుంది.

ఇక్కడితో ఆయన డబ్బు తీసుకునే పని అయిపోయి, తీసుకోని పని మొదలవుతుంది. పేరు, బొమ్మ, ఫోను నంబరు ఉంటే లేబులైపోయినట్టేనని కస్టమరు అనుకుంటాడు. స్టిక్కర్లాయన సొరుగులోంచి లామినేషన్ చేయించిన కాగితం తీస్తాడు. తయారీదారు చిరునామా, నికర బరువు, తయారీ తేదీ, గడువు తేదీ, అన్ని పన్నులతో కలిపి ఎంఆర్‌పీ, ఫిర్యాదులకి ఫోను, పద్నాలుగు అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు. మొదటి అంకె 1 అయితే లైసెన్సు, 2 అయితే రిజిస్ట్రేషన్ అని కాగితం చూడకుండానే చెబుతాడు. అంకెలు ఎంత ఎత్తుండాలో కూడా మిల్లీమీటర్లలో చట్టమే చెప్పిందంటే కొత్తవాళ్లు నమ్మరు. పావుకిలో పచ్చడి 180 రూపాయలైతే గ్రాము 72 పైసలని కూడా అచ్చెయ్యాలంటే అసలు నమ్మరు. "గ్రాముల లెక్కన చెప్పడానికి ఇదేమైనా బంగారమా?" అంటారు. కోడి పచ్చడివాళ్లకి ఇంకో కష్టం. మాంసాహారానికి గోధుమరంగు చుక్క పోయి, 2020 నిబంధనలతో త్రికోణం వచ్చింది. పాత సీడీలోని డిజైను పట్టుకుని వచ్చినవాళ్ల చుక్కని త్రికోణం చేసేసరికి, "మా లోగో మార్చేశారు" అని గొడవ.

బార్‌కోడ్ ఇంకో ప్రహసనం. చాలామందికి అది అందం కోసం వేసే గీతలని నమ్మకం. "ఏదో ఒకటి నెట్‌లోంచి తీసి పెట్టేయండి, ప్యాకెట్టు నిండుగా కనబడుతుంది" అంటారు. 1974 జూన్ 26న అమెరికాలో ఒహాయో రాష్ట్రం ట్రాయ్ పట్నంలో ఒక చూయింగ్ గమ్ ప్యాకెట్టుతో మొదలైన కథంతా ఆయన చెబుతాడు. 890తో మొదలయ్యే నంబరు జీఎస్1 ఇండియా దగ్గర కంపెనీ పేరు మీద తీసుకోవాలనీ, పక్కవాడి నంబరు వేసుకుంటే కౌంటర్లో మీ ఇడ్లీ కారానికి వాడి తలనూనె బిల్లు పడొచ్చనీ చెబుతాడు. అప్పుడు గాని దారికి రారు. వచ్చాక, "సరే, గీతలు ఎరుపులో వేయండి, మా సిద్ధాంతిగారు ఎరుపు కలిసొస్తుందన్నారు" అంటారు. స్కానరు వెలుగే ఎరుపు. ఆ వెలుగులో ఎర్ర గీతలు తెల్ల కాగితంలో కలిసిపోయి, యంత్రానికి ఏమీ కనబడదు. సిద్ధాంతిగారికి ఇది ఎవరు చెప్పాలి? కస్టమరు ఫోను కలిపిస్తాడు, స్టిక్కర్లాయనే చెబుతాడు.

ఆయన విద్వత్తు పూర్తిగా బయటపడేది పచ్చళ్ల పిన్నిగారు విదేశీ ఆర్డరుతో వచ్చినప్పుడు. ఆవకాయ సీసాలు డల్లాస్‌కి వెళ్లాలి, కొన్ని టొరంటోకి.

"నువ్వుల నూనేనా పిన్నిగారూ?"

"మరి? వేరే నూనెతో ఆవకాయేమిటి నా మొహం."

"అయితే ఎలర్జీ వరసలో నువ్వులని విడిగా వేయాలి. 2023 జనవరి నుంచి అమెరికాలో అది రూలు."

"పెద్ద అక్షరాల్తో వేయి నాయనా, నువ్వుల నూనె వాడామంటే గొప్పేగా!"

"గొప్ప కోసం కాదండీ, పడనివాళ్లు తినకుండా. టొరంటో సీసాల మీద ఆ వరసలోనే ఆవాలు కూడా చేర్చాలి. అమెరికా జాబితాలో ఆవాలు లేవు, కెనడా జాబితాలో ఉన్నాయి."

పిన్నిగారు ఆయన్ని కొంచెంసేపు జాలిగా చూస్తుంది. "ఆవకాయలో ఆవాలున్నాయని నేను రాసివ్వాలా?" అంటుంది. రాసివ్వాలి. ఒకే జాడీలోంచి తీసిన పచ్చడికి రెండు రకాల లేబుళ్లు పడతాయి. పిన్నిగారు అది రెండో ఖర్చు అనుకుంటుంది, స్టిక్కర్లాయన రెండో ఆర్డరు అనుకుంటాడు. ఈ వ్యాపారంలో చట్టం ఆయన పక్షాన ఉండే క్షణాలు ఇలాంటివి కొన్నే.

చట్టం ఆయన్ని భయపెట్టే క్షణాలూ ఉన్నాయి. సాయంత్రం షట్టరు దించే వేళకి ఒకడు వచ్చి, పేరున్న టీపొడి ప్యాకెట్టు బల్ల మీద పెట్టి, గొంతు తగ్గించి, "ఇలాగే కావాలి, ఒక్క అక్షరం మార్చండి" అంటాడు. ముప్పై వేల లేబుళ్లు, మొత్తం అడ్వాన్సు. రోజంతా వెయ్యి దగ్గర బేరమాడిన మనిషికి ముప్పై వేలంటే మాటలు కాదు. అయినా ట్రేడ్ మార్క్స్ చట్టం 103వ సెక్షన్ ఆయనకి కంఠతా వచ్చు. ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల జరిమానా. పైగా ప్లేటు, డై దగ్గర పెట్టుకున్నా నేరమే. "మా మిషను రిపేరులో ఉందండీ" అంటాడు. మిషను ఆ మాట చెబుతున్నప్పుడు కూడా చప్పుడు చేస్తూనే ఉంటుంది.

ప్రూఫు దగ్గర ఆయన ఓపికకి అసలు పరీక్ష. కస్టమరు పంపే లోగో వాట్సాప్‌లో నలుగురి చేతులు మారి నలిగిపోయి వస్తుంది. తెలుగు మేటరు అను ఫాంట్స్‌లో చేసుంటే, ఆ ఫాంట్లు లేని కంప్యూటర్లో అది ఇంగ్లీషు అక్షరాల చెత్తగా మారిపోతుంది. అదే ఫైలు కస్టమరు ఇంట్లో తెరిచి, "మా పచ్చడి పేరు బూతులా కనబడుతోంది" అని రాత్రి పదకొండుకి ఫోను చేస్తాడు. ఆ గొడవ సర్దుకున్నాక రంగుల గొడవ. ఫోన్లో మెరిసిన చిలకపచ్చ కాగితం మీద మెరవదు. తెర వెలుగుతో రంగు చూపిస్తుంది, కాగితం నాలుగు ఇంకులతో చూపించాలి. "మా ఫోన్లో ఇంకా పచ్చగా ఉంది" అన్న వాక్యాన్ని ఆయన ఫ్రేము కట్టించుకోవచ్చు. అందుకే ప్రూఫు పంపి, "ప్రతి అక్షరం చదివి ఓకే అని రాయండి" అంటాడు. అవతల్నించి బొటనవేలి బొమ్మ వస్తుంది. ఆ బొమ్మని స్క్రీన్‌షాట్ తీసి దాచుకుంటాడు. రెండు వేల లేబుళ్లు అచ్చయ్యాక, ఫోను నంబర్లో తొమ్మిదే అంకెలున్నాయని కనిపెట్టేది ఎప్పుడూ కస్టమరు బావమరిదే.

ఇన్ని మాటలు పడే మనిషి మిషను దగ్గర మాత్రం వేరే. స్టిక్కరుకి హాఫ్ కట్ అనే పని ఉంది. పై కాగితం పూర్తిగా తెగాలి, కింది కాగితానికి గీత కూడా పడకూడదు. కత్తి వెంట్రుకంత దిగితే స్టిక్కరుతో పాటు అడుగు కూడా చిరిగి వస్తుంది, వెంట్రుకంత తేలితే గోళ్లు అరిగినా ఊడదు. కుర్రాడు ఎన్నిసార్లు మరలు తిప్పినా కుదరనిది, ఆయన వచ్చి కాగితం వెనక వేలు పెట్టి తడిమి, ఒక మర పావు తిప్పు తిప్పితే కుదురుతుంది. తర్వాత అచ్చు మీద సెల్లోటేపు అంటించి లాగుతాడు. ఇంకు టేపుతో రాకపోతే పాసు. ఐస్‌క్రీం డబ్బాల లేబులైతే ఇంట్లో ఫ్రిజ్‌లో రాత్రంతా పెట్టి చూస్తాడు, మామూలు గమ్ము చలికి పట్టు వదిలేస్తుంది కాబట్టి. ఆ ఇంటి ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన ఖాళీ డబ్బాలు ఎందుకుంటాయో చుట్టాలకి అర్థం కాదు. వంటింట్లో ఇంకో చిక్కు. లేబుల్ బాగుందనిపిస్తే ఆయన ఊడదీసి శాంపిల్ పుస్తకంలో అంటించుకుంటాడు. ఏ సీసాలో ఏముందో భార్య మూత తీసి వాసన చూసి చెప్పాల్సిందే.

ఆయనకీ పండగలున్నాయి. పెళ్లిళ్ల సీజన్లో వధూవరుల ఫోటోలతో నీళ్ల సీసాల లేబుళ్లు వేస్తాడు. పందిట్లో అందరూ వధువు నగలు చూస్తుంటే, ఆయన సీసా మీద వరుడి చెవి దగ్గర పొంగిన బుడగని వేలితో నొక్కుతూ కూర్చుంటాడు. అంతకంటే పెద్ద పండగ పన్నులు మారినప్పుడు. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడూ, 2025 సెప్టెంబరులో రేట్లు తగ్గినప్పుడూ, అమ్ముడుపోని పాత సరుకు మీద కొత్త ధర స్టిక్కరు వేసుకోవడానికి కేంద్రం కొన్నాళ్లు వీలిచ్చింది. ఆ రోజుల్లో ఆయన మిషను పక్కనే పడుకున్నాడు.

మామూలు రోజుల్లో అలా కుదరదు. అది చెప్పే బాధ్యతా ఆయనదే. మొన్న నూనెల షాపాయన వచ్చాడు. లీటరు సీసాలు నాలుగొందలు ప్యాక్ చేసి పెట్టుకున్నాడు, ఈలోగా వేరుశనగ ధర పెరిగింది.

"పాత రేటు మీద అంటించడానికి చిన్న స్టిక్కరు వేసి పెట్టండి. ముప్పై రూపాయలు ఎక్కువకి."

"పెంచడానికి స్టిక్కరు వేయకూడదండీ. తూనికలూ కొలతల వాళ్లు పట్టుకుంటారు. తగ్గించడానికైతే వేయొచ్చు, అదీ పాత రేటు కనబడుతుండగా."

షాపాయన కుర్చీలోంచి లేచాడు. "రేటు తగ్గించుకునేవాణ్నైతే, మీకు స్టిక్కర్ల డబ్బులెందుకిస్తానండీ? పెన్నుతో కొట్టేసుకోనూ!"