నేను పదో తరగతి సైకిల్ని

సైకిలు తెలుగుదేశం పార్టీ గుర్తు. నన్ను పంచింది బీజేపీ కేంద్రమంత్రి. నేను తిరిగేది కాంగ్రెస్ రవాణా మంత్రి నియోజకవర్గంలో. ఇన్ని జెండాల నడుమ ఏ రంగూ అంటకుండా నెట్టుకొస్తున్నానంటే, నన్ను తొక్కే పిల్లకు ఇంకా ఓటు రాకపోవడమే కారణం.

2025 జులైలో ఆ కేంద్రమంత్రి బండి సంజయ్ తన పుట్టినరోజు పేరు మీద, కరీంనగర్ లోక్‌సభ నియోజకవర్గంలోని సర్కారు బడుల్లో పదో తరగతి చదివే పిల్లలకు 20 వేల సైకిళ్ల పంపిణీ మొదలుపెట్టారు. మా కోహెడ మండలం 2016 అక్టోబరులో కరీంనగర్ జిల్లాను వదిలి సిద్దిపేటలో కలిసింది గానీ, ఎంపీ ఓటు మాత్రం రవాణా మంత్రి నియోజకవర్గమైన హుస్నాబాద్ లెక్కలో కరీంనగర్‌కే పడుతుంది. అట్లా నాకు ఈ మండలంలో ఓ ఇల్లు దొరికింది.

నన్ను ఇచ్చింది బడికి పోవడానికి. ఇంట్లో వాళ్లు ఆ మాట మొదటి వారమే మరిచిపోయారు. పొద్దున పాలకేంద్రానికి తాత తీసుకుపోతాడు, క్యాను హ్యాండిల్‌కు వేలాడుతుంది. ఆయన రాగానే పిల్ల ఎక్కుతుంది, వెనక క్యారియర్ మీద వాళ్లక్క కూర్చుంటుంది. అక్క హుస్నాబాద్‌లో ఇంటర్. ఆమెను బస్సు ఎక్కే చోట దింపి, పిల్ల బడికి మళ్లుతుంది. సాయంత్రం రేషన్ బియ్యం, కిరాణం, మందుల చీటీ. ఇంటి ముందు మోటార్ సైకిలు కూడా ఉంది. బాపు దాన్ని చాయ తాగడానికి కూడా తీస్తాడు, నడిస్తే పది నిమిషాల దూరం. పెట్రోలు రేటు మీద ఉపన్యాసం ఇచ్చేదీ ఆ చాయ దగ్గరే. నాకు నోరుంటే ఓ మాట అనేదాన్ని.

నిజానికి కోహెడ లాంటి చోట మనిషికి రోజూ పడే పనుల్లో ఎక్కువ భాగం నాలుగైదు కిలోమీటర్ల లోపలే తెగిపోతాయి. నడకకు పట్టే శ్రమతోనే నా మీద మూడింతల దూరం పోవచ్చు. ఇది సైకిలు గొప్పలు చెప్పుకోవడం కాదు, లెక్క. నగరాల్లో సైకిలు కోసం రోడ్డు పక్క గీతలు గీస్తారు. 2020లో కేంద్రం పెట్టిన ‘సైకిల్స్ ఫర్ చేంజ్’ పోటీలో గెలిచిన పదకొండు నగరాల్లో మన వరంగల్ కూడా ఉంది. హైదరాబాద్‌లో ఔటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల ట్రాకు మీద సోలార్ పలకల నీడ పరిచారు. అక్కడికి చాలామంది కారు వెనక సైకిలు కట్టుకుని పోతారట. మాకు గీతలూ లేవు, నీడా లేదు. అయినా అసలు పనికి తొక్కేది మా దగ్గరే.

గీతల సంగతి అట్లుంచితే, వరి కోతలప్పుడు మా రోడ్డు చూడాలి. ఒక పక్కంతా వడ్లు. అంచుకు రాళ్లు, రాళ్ల మీద నల్ల కవరు ముడేసిన కట్టెలు. మిగిలిన సగంలో ట్రాక్టరు ఎదురొస్తే పిల్ల కాలు నేలకు ఆనించి ఆగుతుంది. ఓసారి ముందు చక్రం వడ్ల మీదికెక్కి జర్రున జారింది. అక్క కింద పడింది, పుస్తకాల సంచి వడ్లలో పడింది. వడ్ల కాడి అవ్వ పరుగెత్తుకొచ్చి, “దెబ్బ తాకిందా బిడ్డా?” అనడిగింది. లేదనగానే, “గట్లయితే ఆ సంచి దులుపు, గింజలు పోతున్నయ్” అంది. తప్పు ఎవరిదనాలి? కల్లాలు కట్టించి ఉంటే ఆమె రోడ్డు మీదికి వచ్చేదా?

వానకాలంలో ఇంకో తీరు. బస్వాపూర్ దగ్గర మోయతుమ్మెద వాగు పొంగితే నాకూ, లారీకీ ఒకటే న్యాయం. ఇద్దరమూ ఇవతలే.

నాకు ఒక్క విషయం మాత్రం మింగుడుపడదు. పదో తరగతిలో సైకిలిస్తే బడికి పనికొచ్చేది ఒక్క ఏడాదే, అదీ జులైలో వస్తే ఏడాది కూడా నిండదు. బిహార్‌లో 2006లో ఆడపిల్లలకు తొమ్మిదో తరగతిలో చేరగానే ఇచ్చారు. కార్తీక్ మురళీధరన్, నిశిత్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు లెక్క తీస్తే, హైస్కూలులో చేరే ఆ వయసు ఆడపిల్లల సంఖ్య దాదాపు మూడో వంతు పెరిగింది. బడి దూరమని ఎనిమిదితో ఆగిపోయే పిల్లకు సైకిలు అందవలసింది ఆ మలుపు దగ్గర. పదో తరగతి దాకా వచ్చిన పిల్ల ఎట్లాగో దారి చూసుకునే వచ్చింది కదా.

పది తర్వాత చదువు బస్సు దూరం. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ మామూలు బస్సుల్లో చార్జీ లేదు. మంచిదే, అక్క చదువు ఆగకుండా ఉన్నది దానివల్లే. కానీ బస్సు ఇంటి గుమ్మం ముందు ఆగదు. ఇంటి నుంచి బస్సు దాకా ఎట్లా అన్నది టికెట్‌లో లేని లెక్క. నా మీద వస్తే, నన్ను నిలిపే చోటూ కావాలి. నెదర్లాండ్స్‌లో యూట్రెక్ట్ రైల్వే స్టేషన్ కింద 12,500 సైకిళ్లు నిలిపే చోటు కట్టారు. మాకు పన్నెండు నిలిపే రేకుల పందిరి చాలు.

మొన్న సాయంత్రం అక్క కోసం ఎదురుచూస్తూ పిల్ల నన్ను హోటలు గుంజకు ఆనించింది. హోటలాయన గద్దించాడు.

“ఈడ పెట్టకు పిల్లా, గిరాకీకి అడ్డం.”

“వచ్చే ఏడు నేను గూడ కాలేజీకి పోవాలె కాకా. పొద్దంతా దీన్ని యాడ పెట్టాలె?”

“ఒక్క సైకిలుకు జాగ ఎట్లియ్యాలె? పది తీస్కరా, ఎనుక రేకులు నేనే ఏస్త. నెలకు యాభై.”

“ముప్పై జెయ్యి కాకా, పదిహేను తీస్కొస్త.”

ఆయన చాయ వడగడుతూ, నలభై అన్నాడు.