బ్రౌజరుకు మాసికాలు

మా బావమరిది చిన్నపాటి కాంట్రాక్టరు. కల్వర్టులు, కాలవ పూడికలు, అలాంటివి. మొన్నామధ్య టెండరు వెయ్యాలంటూ నన్ను తోడు తీసుకుని నెట్ సెంటరుకు బయల్దేరాడు. జేబులో డీఎస్సీ ఉన్న డాంగిల్. డీఎస్సీ అంటే టీచరు ఉద్యోగాల పరీక్ష కాదు, డిజిటల్ సంతకం. అదెప్పుడు పడుతుందో దేవుడికే తెలియాలి, ఇదీ అంతే.

సైటు తెరుచుకుంది. అది ఏ ఆఫీసుదో చెప్పను, టెండరు పోతుంది. అడుగున ఓ లైను కుడి నుంచి ఎడమకు పాకుతోంది: ఈ సైటు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో బాగా కనబడును. డాంగిల్ గుచ్చితే సైటు గుర్తుపట్టలేదు.

"క్రోమ్‌లో పట్టదు బాబాయ్, ఎక్స్‌ప్లోరర్ కావాలి" అన్నాడు కుర్రాడు.

"అది పోయింది కదరా!"

"పోయింది. ఎడ్జ్‌లో పిలిస్తే వస్తుంది."

సెట్టింగుల్లోకి వెళ్లి, ఎక్స్‌ప్లోరర్ మోడ్ అన్నచోట ఆ సైటు చిరునామా చేర్చాడు. పక్కనే గడువు తేదీ పడింది, సరిగ్గా నెల రోజులకు. "ముప్పై రోజులే ఉంటుంది బాబాయ్. మళ్లీ నెలకు మళ్లీ చేర్చాలి."

పోయినవాణ్ణి నెలకోసారి పేరు పెట్టి పిలిచి, విస్తరేసి పంపించే తంతుకు మన దగ్గర ఓ పేరుంది. మాసికం. మనుషులకైతే ఏడాదితో సరి. ఈ బ్రౌజరుకు మాత్రం కనీసం 2029 దాకా జరిపిస్తామని మైక్రోసాఫ్టే మాటిచ్చింది. కొడుకులు కూడా ఇంత శ్రద్ధగా పెట్టరు. బతికున్నప్పుడు దాన్ని ఎలా చూసుకున్నారో తెలిసినవాళ్లకు ఈ శ్రద్ధ మరీ ముచ్చటేస్తుంది.

1995 ఆగస్టులో ఎక్స్‌ప్లోరర్ పుట్టింది. పుట్టిందనడం మర్యాద కోసం. స్పైగ్లాస్ అనే చిన్న కంపెనీ దగ్గర మొజాయిక్ బ్రౌజరు కోడు లైసెన్సుకు తెచ్చుకుని దానికి తమ చొక్కా తొడిగారు. అమ్మినదాంట్లో మీకూ వాటా ఇస్తామన్నారు. తర్వాత అమ్మకుండా ఊరికే పంచిపెట్టారు. సున్నాలో వాటా ఎంతో లెక్క కట్టుకోమని స్పైగ్లాస్‌ను గుమ్మంలో కూర్చోబెట్టారు. ఆ కంపెనీ గొడవపడితే 1997లో 80 లక్షల డాలర్లిచ్చి నోరు మూయించారు. ఉచితంగా ఇచ్చేవాడు దాత అనుకునే అమాయకులు ఈ ఒక్క లావాదేవీ చదువుకుంటే చాలు.

ఆ ఏడాదే అక్టోబరులో నాలుగో వెర్షన్ విడుదల సంబరం చేసుకుని, ఆ రాత్రి పెద్ద ‘ఈ’ బొమ్మను మోసుకెళ్లి మౌంటెన్ వ్యూలో పోటీ బ్రౌజరు నెట్‌స్కేప్ ఆఫీసు ముందు పచ్చికలో పాతి వచ్చారు. తెల్లారేసరికి నెట్‌స్కేప్ వాళ్లు దాన్ని పడదోసి, తమ మొజిల్లా డైనోసారు బొమ్మను పైకెక్కించి, మెడలో ‘నెట్‌స్కేప్ 72, మైక్రోసాఫ్ట్ 18’ అని అట్ట కట్టారు. సంక్రాంతి కోడిపందేల్లో మొదటి ఎత్తుకే ఈలలు వేసేవాళ్లు మనకు కొత్తా? అయిదేళ్లు తిరిగేసరికి తొంభై పైచిలుకు శాతం మార్కెట్టు ఈ ‘ఈ’ చేతిలోకొచ్చింది. పక్కకోడి పులుసైంది.

మధ్యలో కోర్టు కేసు. 1998లో అమెరికా ప్రభుత్వం బోనెక్కిస్తే మైక్రోసాఫ్ట్ చెప్పిన వాదన: విండోసూ ఎక్స్‌ప్లోరరూ వేరు కాదు, విడదీస్తే రెండూ చెడతాయి. అతుక్కుపుట్టిన కవలలన్నమాట. జడ్జి జాక్సన్ 2000లో ఏకంగా కంపెనీనే రెండు చేయమంటే, మరుసటేడు పై కోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది. నేను మాత్రం ఆ వాదనను ఇన్నాళ్లూ అనవసరంగా అనుమానించాను. 2022 జూన్ 15న ఎక్స్‌ప్లోరర్‌ను రిటైరు చేశారు, 2023 ప్రేమికుల రోజున ఎడ్జ్ అప్‌డేటు పంపించి విండోస్ 10లో ఇంకా కొనఊపిరితో ఉన్నవాటి గొంతూ నొక్కారు, అయినా దాని ఇంజను ఇప్పటికీ విండోస్ కడుపులో తిరుగుతోంది. విడదీయలేమన్నది నిజమే. కాకపోతే పాపం ప్రమాణం చేసి చెప్పిన రోజున ఎవరూ నమ్మలేదు.

పందెం గెలిచాక ఏం చేశారంటారా? నిద్రపోయారు. ఆరో వెర్షన్ 2001 ఆగస్టులో, ఏడోది 2006 అక్టోబరులో. మధ్యలో అయిదేళ్లు! ఆ వ్యవధిలో మన దగ్గర ఒక ప్రభుత్వం దిగి ఇంకోటి ఎక్కింది, వైరస్‌లు తరాలకు తరాలు పిల్లాపాపలతో వర్ధిల్లాయి. మొండిది ఆరో వెర్షనే. వదిలించుకోండి బాబూ అంటూ 2011లో స్వయానా మైక్రోసాఫ్టే కౌంట్‌డౌన్ పెట్టి మరీ ప్రచారం చేయాల్సొచ్చింది. కన్నవాళ్లే పోయే రోజులు లెక్కపెట్టడం చూడని లోకానికి ఆ భాగ్యమూ కలిగింది.

ఆ రోజుల్లో మన తెలుగు పేపర్ల సైట్లు ఎలా ఉండేవో నలభై దాటినవాళ్లకు గుర్తుండాలి. ఒక్కో పత్రికది ఒక్కో ఫాంటు. ఎక్స్‌ప్లోరర్‌లో తెరిస్తే వార్త, ఫైర్‌ఫాక్స్‌లో తెరిస్తే పిచ్చుక గూడు. ఎవరో పుణ్యాత్ములు ‘పద్మ’ అనే చిన్న జోడింపు రాసి ఆ గూడును యూనికోడ్ తెలుగులోకి మార్చిపెట్టేదాకా, చాలామంది అక్షరాభ్యాసం ఎక్స్‌ప్లోరర్ ఒళ్లోనే జరిగింది. దక్షిణ కొరియా పరిస్థితి ఇంకా ఘోరం. బ్యాంకు పని, సర్కారు పని ఏదైనా యాక్టివెక్స్ అనే జోడింపు లేనిదే కదిలేది కాదు, ఆ యాక్టివెక్స్ ఎక్స్‌ప్లోరర్‌లో తప్ప ఉండేది కాదు. ఆ దేశపు ఇంజనీరు ఒకాయన కడుపు మండి 2022లో గ్యోంగ్జు ఊళ్లో దానికి రాతి సమాధి కట్టించాడు. ఇతర బ్రౌజర్లు డౌన్‌లోడ్ చేసుకోవడానికి మంచి పనిముట్టు అని దానిమీద చెక్కించాడు. అంతకంటే నిజాయితీగల సంతాప సందేశం మన అసెంబ్లీల్లో కూడా నేను వినలేదు.

ఇక వారసుడి సంగతి. 2015 జనవరిలో ‘స్పార్టన్’ అని పేరు చెప్పారు. యుద్ధవీరుడొస్తున్నాడనుకున్నాం. ఏప్రిల్‌కల్లా ‘ఎడ్జ్’ అని మార్చారు. జూలైలో విండోస్ 10తో పాటు వచ్చినవాణ్ణి చూస్తే అదే నీలం రంగు, అదే ‘ఈ’, లోపల అదే పాత ఇంజనును చెక్కి సన్నం చేసిన ముక్క. పోయిన తాత ఫొటోకు మీసం తీసేసి మనవడన్నట్టుంది. 2017లో వాళ్ల సొంత సభలో, వాళ్ల సొంత ఉద్యోగి డెమో ఇస్తుండగా ఎడ్జ్ మొరాయించింది. ఆయన నవ్వుతూ, అందరూ చూస్తుండగానే, క్రోమ్ ఎక్కించుకుని మిగతా ఉపన్యాసం కానిచ్చాడు. పెళ్లిపీటల మీద వరుడు పక్కింటివాణ్ణి కూర్చోబెట్టి లేచి వెళ్లిపోవడం అంటే ఇదే.

మరుసటేడు డిసెంబరులో ఆ పక్కింటివాణ్ణే ఖాయం చేశారు. మా ఇంజను మాకొద్దు, గూగుల్ వాళ్ల క్రోమియం వాడుకుంటాం అని ప్రకటించారు. గద్దె మీదున్నది బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన మన సత్య నాదెళ్ల. అటు క్రోమ్‌ను లోకం మీదికి వదిలింది మద్రాసులో పెరిగిన సుందర్ పిచాయ్. హైదరాబాదీ ఇంట్లో పెళ్లి, సాంబారు మాత్రం మైలాపూరు నుంచి. ముహూర్తమైనా మనదేనా అని క్యాలెండరు తిరగేస్తే కళ్లు తిరిగాయి. 2020 జనవరి 14, భోగి రోజున, విండోస్ 7కు మద్దతు ఆపేశారు. 15, సంక్రాంతి నాడు, కొత్త ఎడ్జ్‌ను విడుదల చేశారు. పాత చాప మంటల్లో వేసి మర్నాడు కొత్తబట్టలు కట్టుకోవడం రెడ్‌మండ్‌లో మైక్రోసాఫ్ట్ వాళ్లకు ఎవరు నేర్పి ఉంటారంటారు? కనుమ రోజున ఎవర్ని కోశారో మాత్రం బయటికి రాలేదు.

కొత్తబట్టలు సరే, వంశం మాటేమిటి? ఏ సైటు గుమ్మంలోకి వెళ్లినా బ్రౌజరు తానెవరో చెప్పుకోవాలి. పెళ్లిలో ప్రవర చెప్పినట్టే. కొత్త ఎడ్జ్ చెప్పే ప్రవర వినండి: మొజిల్లా, యాపిల్ వెబ్‌కిట్, కేహెచ్‌టీఎంఎల్, గెక్కోలాంటివాణ్ణి, క్రోమ్, సఫారీ. ఊళ్లో ఉన్న గోత్రాలన్నీ అయ్యాక చివర్న గొణుగుతూ తన పేరు, అదీ ఇంగ్లీషు స్పెల్లింగులో ఆఖరి ‘ఈ’ మింగేసి. పూర్తిగా చెబితే పాత ఎడ్జ్ అనుకుని సైట్లు ఎక్కడ తేడాగా చూస్తాయోనని భయం. ఇన్నేళ్లుగా నెత్తిన పెట్టుకు ఊరేగిన అక్షరం, సరిగ్గా సొంత పేరు చెప్పాల్సిన చోట అవమానమైంది. అసలు ఎక్స్‌ప్లోరర్ కూడా పసితనం నుంచే శత్రువు పేరు మొజిల్లా చెప్పుకునే గుమ్మాలు దాటింది. వంశాచారం తప్పలేదు.

ఇంత అద్దె బతుకులోనూ దర్పానికి లోటు లేదు. ఎడ్జ్‌లో క్రోమ్ దించుకోబోతే అడ్డంపడి, నాలోనూ అదే సాంకేతికత, పైగా మైక్రోసాఫ్ట్ నమ్మకం అదనం అని బతిమాలేది. సరుకదే, సంచి మాది అని. ఆ సంచి చరిత్రే కదా ఇప్పటిదాకా చెప్పుకుంటున్నది! విండోస్ 11 మొదట్లో అయితే వేరే బ్రౌజరును పూర్తిగా స్థిరపరచుకోవాలంటే ఫైలు రకం రకానికీ విడివిడిగా అనుమతివ్వాల్సొచ్చింది. మా ఊరి పంచాయతీ ఆఫీసులో ఇంటిపేరు మార్పించుకున్నవాళ్లకు ఈ బాధ బాగా అర్థమవుతుంది.

నెట్ సెంటర్లో ఎట్టకేలకు డాంగిల్ పట్టింది. తెర ఎడమ పక్కన చిరునామా దగ్గర నీలం ‘ఈ’ ప్రత్యక్షమైంది, సన్నగా, పాత ముఖంతోనే. సంతకం పడింది. బావమరిది రెండు చేతులూ జోడించాడు, దేనికో తెలియదు. అంతలోనే కింద నుంచి ఓ పెట్టె లేచి, ఎడ్జ్‌నే మీ ముఖ్య బ్రౌజరుగా చేసుకుంటారా అని అడిగింది. కుర్రాడు చూడకుండానే ‘తర్వాత’ నొక్కి, లేచి, గోడమీది వెంకట్రామా క్యాలెండర్లో వచ్చే నెల తేదీకి సున్నా చుట్టాడు. అమావాస్య పక్క గడి.

"ఆ రోజు పొద్దున్నే రండి బాబాయ్. అరవై తీసుకుంటా, ప్రింటు వేరే."

మాసికానికి అరవై. మా పురోహితుడు ఆ డబ్బుకు గుమ్మం కూడా ఎక్కడు.