ముందు అడ్డకర్ర, తర్వాత సంజాయిషీ

మహారాజశ్రీ ప్రిన్సిపాల్ గారి దివ్యసముఖానికి,

శ్రీహరికోట దారిలోని తమ కాలేజీ ఫుట్‌బాల్ జట్టు ఫార్వర్డ్‌లు నమస్కరించి విన్నవించుకునేది. ఇంటర్ కాలేజియేట్‌లో ఒక్క గోలూ ఎందుకు కొట్టలేదో రాతపూర్వకంగా చెప్పమన్న మెమో అందింది. ‘పక్కనుంచి చంద్రుడి మీదికి రాకెట్లు పోతుంటే మీ బంతి గోల్లోకి పోదా?’ అని తమరు చమత్కరించారు కూడా. సంతోషం.

సార్, గోల్‌పోస్టులు ఏవి? యానివర్సరీ షామియానాకని పీకించిందెవరు? ఆ పైపులే ఇప్పుడు సైకిల్ స్టాండు రేకుల్ని మోస్తున్నాయి, వెళ్లి చూడండి. అప్పట్నుంచి మాకు గోలంటే రెండు జతల చెప్పులు. వెడల్పు ఇరవై నాలుగడుగులూ కొలుచుకుంటాం. ఎత్తు దేంతో కొలవాలి? కీపర్ ‘పైనుంచి పోయింది’ అంటాడు, మేం ‘లోపలే’ అంటాం, ఆ తగువుతోనే పొద్దుగూకుతుంది. మ్యాచ్‌లో ఎనిమిదడుగుల ఎత్తున నిజం బారు కనబడేసరికి కొట్టిన ప్రతి షాటూ దాని మీదుగా పోయింది. ఇదీ సంజాయిషీ.

వల లేదు కనక బంతి నేరుగా సర్కారు తుమ్మలోకి పోతుంది. ‘పంక్చరైతే ఎవడు కొంటాడ్రా, షాట్లొద్దు, పాసులాడండి’ అని పీడీ సారు కేకలు. మ్యాచ్‌లోనూ అదే చేశాం. కీపర్ ఎదురుగా ఉండి కూడా పక్కవాడికి పాసిచ్చాం. బూట్లు, బస్సు చార్జీలు, గుడ్డు, అరటిపండు సంగతి ఎత్తట్లేదు.

రాకెట్ల మాట తమరే ఎత్తారు. 2019లో చంద్రయాన్-2 ల్యాండర్ కూలిపోతే ఎక్కడ తప్పిందో వెతికి సరిదిద్దారు, 2023 జులై 14న మళ్లీ ఇక్కణ్నుంచే పంపారు. ల్యాండర్‌కి మెమో ఇచ్చిన దాఖలా లేదు.

2024 జనవరిలో ఖతార్ ఆసియా కప్పులో, సికింద్రాబాద్‌లో పుట్టిన సునీల్ ఛెత్రీ కెప్టెన్‌గా ఉన్న మన దేశం జట్టే మూడు మ్యాచుల్లో ఒక్క గోలూ కొట్టలేదు. వాళ్లకి పోస్టులన్నా ఉన్నాయి. 1962లో జకార్తాలో ఏషియాడ్ స్వర్ణం గెలిచిన జట్టుకి కోచ్ హైదరాబాద్ రహీం సాబ్, అందులో మన సికింద్రాబాద్ బలరాం ఫార్వర్డ్. ఆయనొచ్చి ఈ గ్రౌండులో ఆడినా చెప్పుల మీదుగానే కొట్టేవాడు.

సార్, వచ్చే వారం మళ్లీ మ్యాచ్ ఉంది. ఇనప పైపులు వద్దు. ఈ చుట్టుపక్కల ఎక్కడైనా దొరికే సరుగుడు గుంజలు రెండు పాతించండి. వల మేమే పులికాట్ జాలర్లని అడిగి పాతది తెచ్చుకుంటాం. మెమో వెనక్కి తీసుకోకపోయినా పర్లేదు. పైన అడ్డంగా ఒక కర్ర కట్టించండి సార్, దండం పెడతాం.

ఇట్లు,
తమ విధేయులైన ఫార్వర్డ్ లైను