కందగడ్డ భక్ష్యాలు: అందరూ వద్దనే పద్ధతి

శివరాత్రి దగ్గర పడిందంటే ఈసీఐఎల్ చౌరస్తా నుంచి నాగారం మీదుగా కీసర దాకా రోడ్డు పొడవునా తోపుడు బండ్ల మీద కందగడ్డలు, అంటే చిలగడదుంపలు, కుప్పలుగా కనిపిస్తాయి. కీసరగుట్ట రామలింగేశ్వరస్వామి దర్శనానికి ఉప్పల్ నుంచీ నాచారం నుంచీ వచ్చే జనం బండి ఆపి కిలోలకు కిలోలు కొంటారు. ఇంటికి తెచ్చి కుక్కర్‌లో మూడు విజిళ్ళు రానిచ్చి, తొక్క తీసి, ఉపవాసం పేరు మీద రెండు ముక్కలు మింగుతారు. మిగిలినవి ఫ్రిజ్‌లోకి పోతాయి, వారం తిరిగేసరికి చెత్తబండిలోకి పోతాయి. ఏడాదికి ఒక్కసారి మన ఇంటికొచ్చే గడ్డకు మనం చేసే మర్యాద ఇదీ. చూస్తే నాకు కడుపు మండుతుంది.

ఈ గడ్డ పండగ పిండివంటకు పనికొస్తుంది. శనగపప్పు పూర్ణం పెట్టే చోట దీన్ని పెట్టి భక్ష్యాలు చేయండి. ఎలా చేయాలో చెప్తాను. నేను చెప్పేదాంట్లో సగం మాటలకు మీ అత్తగారు ఒప్పుకోరు. మిగతా సగానికి మీ అమ్మ ఒప్పుకోదు. అయినా ఇలాగే చేయండి.

మొదటి మాట, పండగకు ముందు కొనకండి. శివరాత్రి జాగారం అయిపోయి తెల్లారిన తర్వాత బజారుకు వెళ్ళండి. ఉపవాసం రోజున గోధుమపిండి, మైదా ముట్టరు కాబట్టి ఆ రోజుకు భక్ష్యాలతో ఎలాగూ పని లేదు. తెల్లారేసరికి రేటు దిగిపోతుంది. బండివాళ్ళు సరుకు వదిలించుకోవాలని చూస్తుంటారు, మీరు తీరిగ్గా ఏరుకోవచ్చు. "కడిగినయి ఉన్నయి అక్కా, సాఫ్‌గున్నయి, గవి తీస్కో" అంటాడు బండి మీదున్న పిల్లగాడు. "నాకు మన్నువే ఇయ్యి తమ్మీ" అనండి. కడిగిన గడ్డ తొక్క మీద తడి ఆగి నాలుగు రోజులకే మెత్తబడుతుంది. మన్ను అంటుకున్న గడ్డ రోజులకు రోజులు నిలుస్తుంది. లావు గడ్డలు వదిలేయండి, వాటిలో పీచు ఎక్కువ. రెండు మూడు వేళ్ళ మందంలో, ఒకటే సైజులో ఉన్నవి కిలో ఏరండి.

ఎక్కడన్నా లోపల నారింజ రంగుండే గడ్డ దొరికితే సంబరపడి దీనికి తేకండి. అది మంచిది కాదని కాదు. తిరువనంతపురంలోని కేంద్ర దుంప పంటల పరిశోధన సంస్థ విడుదల చేసిన భూ సోనా రకంలో 100 గ్రాములకు 14 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ ఉంటుంది. మన బండ్ల మీద దొరికే తెల్లగుజ్జు గడ్డలో అది నామమాత్రం. కెరోటిన్ మన ఒంట్లో విటమిన్ ఎ గా మారుతుంది, కాబట్టి ఆ గడ్డను ఉడకబెట్టి కాస్త నెయ్యి వేసి పిల్లలకు పెట్టండి. దాని గుజ్జులో నీరెక్కువ, భక్ష్యంలో పెట్టి ఒత్తితే పక్కల నుంచి కారిపోతుంది. మనకు పొడిగుజ్జు కావాలి. గులాబీ తొక్క, తెల్లగుజ్జు ఉన్న మామూలు గడ్డే దీనికి సరి.

కొన్నారు కదా, ఇప్పుడు వండకండి. రెండు వారాలు ఆగండి. శివరాత్రి తెల్లారి తెచ్చిన గడ్డను కాముని పున్నమికి వండాలి. గంపలో పాత పేపర్ పరిచి, గడ్డలు ఒకదానికొకటి రాసుకోకుండా పెట్టి, గాలి ఆడే చీకటి మూలన వదిలేయండి. నిలవ ఉన్నకొద్దీ గడ్డలోని పిండి పదార్థం కొంత కొంతగా చక్కెర అవుతుంది. తాజాది తెచ్చి తాజాగా వండమని చెప్పేవాళ్ళ మాట వంకాయకు చెల్లుతుంది, కందగడ్డకు చెల్లదు. మహారాష్ట్రలో పూరన్‌పోళీ చేసుకునేది హోలీకే. మన దగ్గర కాముని పున్నమికంటూ గట్టి పిండివంట లేని ఇళ్ళు చాలా ఉన్నాయి. ఆ ఖాళీ ఈ భక్ష్యంతో నిండుతుంది.

ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి. ఇది వేడి దేశాల పంట. 12, 13 డిగ్రీల సెంటీగ్రేడ్‌కు దిగువన ఉంచితే లోపల దెబ్బతింటుంది. తర్వాత ఎంత ఉడికించినా నడిమధ్య గట్టిగా రాయి మిగులుతుంది. "గడ్డ మంచిది కాదు, బండివాడు మోసం చేశాడు" అనుకునే ఇళ్ళలో చాలాసార్లు తప్పు ఫ్రిజ్‌ది.

ఇక అసలు పేచీ పొయ్యి దగ్గర వస్తుంది. కుక్కర్ వాడకండి. మైక్రోవేవ్ అసలే వద్దు. కందగడ్డలో బీటా అమైలేజ్ అనే ఎంజైము ఉంటుంది. గడ్డ లోపలి వేడి 60 నుంచి 75 డిగ్రీల మధ్య ఉన్నంతసేపూ అది పిండి పదార్థాన్ని మాల్టోజ్ అనే చక్కెరగా విరగ్గొడుతుంది. వేడి ఇంకా పెరిగితే ఎంజైము చచ్చిపోతుంది, తీపి పుట్టడం అక్కడితో ఆగిపోతుంది. కుక్కర్‌లో గడ్డ ఆ మధ్య వేడిని నిమిషాల్లో దాటేస్తుంది. ఉడుకుతుంది కానీ తియ్యబడదు. చప్పగా ఉందని మనం బెల్లం గుమ్మరిస్తాం. గడ్డ తనంతట తాను చేసుకోగలిగిన తీపిని చంపి, దాని బదులు కొన్న తీపి పోయడం ఏం వంట?

మందపాటి ఇనుప కడాయి తీసుకోండి. అడుగున రెండు దోసిళ్ళ దొడ్డుప్పు పరచండి. గడ్డలను కడిగి, తడి లేకుండా తుడిచి, తొక్కతోనే ఉప్పు మీద పేర్చి బరువైన మూత పెట్టండి. చిన్న పొయ్యి మీద మంట ఎంత తగ్గుతుందో అంత తగ్గించండి. ఇరవై నిమిషాలకోసారి ఒక్కో గడ్డను తిప్పండి. గంట పడుతుంది, గంటన్నర కూడా పట్టొచ్చు. గ్యాస్ దండగ అని ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. అననివ్వండి. మొదటి అరగంట మూత తీస్తే పచ్చి మట్టి వాసన తప్ప ఏమీ రాదు. తర్వాత తొక్క అక్కడక్కడా ముడతలు పడుతుంది, చివర్లు నల్లబడతాయి. చిట్లిన చోట గోధుమరంగు రసం బొట్టుగా ఊరి, కిందికి జారి, ఉప్పు మీద ముదురు బెల్లప్పాకంలా బిగుసుకుంటుంది. ఆ బొట్టు కనిపించే దాకా పొయ్యి ఆపొద్దు. వేలితో నొక్కితే గడ్డ ఎక్కడా ఎదురు తిరగకూడదు.

దింపాక మూత పెట్టే చల్లారనివ్వండి. అప్పుడు తొక్క ఒకే ముక్కగా ఊడి వస్తుంది. తొక్క లోపలి వైపు అంటుకున్న గోధుమరంగు పొరను పారేయకండి, చెంచాతో గీకి గుజ్జులో కలపండి. గడ్డ మొత్తంలో రుచి ఎక్కువున్న భాగం అదే. గుజ్జును మిక్సీలో తిప్పితే జిగురు పేస్టు అవుతుంది. జల్లెడ మీద వేసి అరచేత్తో రుద్దండి. పీచంతా పైన ఉండిపోతుంది, మెత్తటి గుజ్జు కింద పడుతుంది. చెయ్యి నొప్పి పుడుతుంది, నిజమే. రుద్దండి.

గుజ్జును నాలుగు చెంచాల నెయ్యిలో, అడుగంటకుండా, గరిటెకు ముద్దగా వచ్చేదాకా వేయించండి. బెల్లం 100 గ్రాములు చాలు. శనగపప్పు భక్ష్యాలకు పప్పుతో సమానంగా బెల్లం వేసే చెయ్యికి ఇది పిసినారితనం అనిపిస్తుంది. పైన చెప్పినట్టు కాల్చి ఉంటే ఈ 100 గ్రాములు కూడా కొందరికి ఎక్కువే. ఏలకుల పొడి, చిటికెడు శొంఠి, చిటికెడు ఉప్పు వేయండి. జీడిపప్పు, కొబ్బరి, కిస్‌మిస్ ఏవీ వద్దు. అవి పడితే నోట్లో గడ్డ జాడ ఉండదు.

ఆఖరున సంత్రా తొక్క. సగం పండు తొక్క మీది నారింజ పొరను మాత్రం సన్నగా తురిమి కలపండి, కింది తెల్లది తగిలితే చేదు. ఇది నా సొంత కల్పన కాదు. ఆబీ ఫిషర్ అనే నల్లజాతి వంటగత్తె పుస్తకంలో ఉంది. ఆమె అమెరికాలో బానిసత్వంలో పుట్టింది. చదవడం, రాయడం రాకపోతే నోటితో చెప్పి రాయించిన ఆమె వంటల పుస్తకం 1881లో శాన్‌ఫ్రాన్సిస్కోలో అచ్చయింది. అందులో స్వీట్ పొటాటో పై ఉంది. రెండు పౌండ్ల గడ్డలకు రెండు పైలు, ఒక నారింజ రసం, సగం నారింజ తొక్క తురుము. పిండి పొర అడుగున మాత్రమే, పైన మూత ఉండదు. గుడ్లు, పాలు పోసి గట్టిపరుస్తారు కనుక వాళ్ళకు గుజ్జులో నీరున్నా ఇబ్బంది లేదు.

ఈ మాట ఎందుకు ఎత్తానంటే, అక్కడ కూడా ఇది పేదల గడ్డే. అలబామా, జార్జియా, కరోలినాల్లో బానిసల గుడిసెల్లో బూడిదలో కాల్చుకుని తిన్న తిండి. జార్జ్ వాషింగ్టన్ కార్వర్ కూడా బానిసత్వంలో పుట్టినవాడే. అలబామాలోని టస్కీగీలో ఉంటూ ఈ గడ్డను ఎలా నిలవ చేసుకోవాలో, ఎన్ని విధాలుగా వండుకోవాలో పేద రైతుల కోసం చిన్న పుస్తకాలు రాశాడు. అంత కింద నుంచి వచ్చిన గడ్డ ఇవాళ అక్కడి నల్లజాతి కుటుంబాల్లో థాంక్స్‌గివింగ్‌కూ క్రిస్మస్‌కూ బల్ల మీద నడుమ కూర్చుంటుంది. అది లేకపోతే పండగ జరిగినట్టు లెక్కపెట్టని ఇళ్ళున్నాయి. అట్లాంటాలో, షార్లెట్‌లో ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లలు దాన్ని అక్కడ ఇష్టంగా తింటారు. ఇక్కడికొచ్చి అమ్మ కందగడ్డ పెడితే ఉపవాసం తిండి అని మొహం తిప్పుకుంటారు. తప్పు పిల్లలది కాదు. దాన్ని ఉడకబెట్టి ఉత్తగా ప్లేటులో పడేసింది మనం.

పైపిండి సంగతి క్లుప్తంగా చెప్తాను, భక్ష్యాలు చేసే ఏ ఇంట్లోనైనా ఇది తెలిసిందే. 300 గ్రాముల మైదాను చిటికెడు పసుపు, ఉప్పుతో చేతికి అంటుకునేంత మెత్తగా కలిపి, పైన నూనె పోసి రెండు గంటలు నాననివ్వండి. నేను విడిపోయేది ఒత్తే దగ్గర. పల్చగా ఒత్తకండి. కాగితమంత పల్చటి భక్ష్యాన్ని మెచ్చుకునే ఊళ్ళో ఈ మాట చెప్పడం కష్టమే, కానీ శనగపప్పు పూర్ణానికి తగ్గ పల్చదనం దీనికి తగదు. దీని మెత్తదనం పంటి కిందికి రావాలంటే అర సెంటీమీటరు మందమన్నా ఉండాలి. పెద్ద నిమ్మకాయంత ముద్ద పెట్టి, అరటాకు మీద వేళ్ళతోనే ఒత్తండి, అప్పడాల కర్ర ముట్టుకోకండి. పెనం మీద సన్నటి మంటన, అంచుల చుట్టూ నెయ్యి వేస్తూ, రెండు వైపులా గోధుమరంగు మచ్చలు పడేదాకా కాల్చండి. పదిహేను దాకా వస్తాయి.

వేడివేడిగా వడ్డించకండి. ఇంట్లో యుద్ధం జరిగినా సరే. రాత్రి చేసి, పల్చటి బట్ట కప్పి, పొద్దున తినండి. వేడి మీద ఏలకుల వాసన, నెయ్యి వాసన తప్ప మరేమీ తెలియదు. తెల్లారేసరికి లోపలి గుజ్జు కుదురుకుంటుంది, సంత్రా వాసన పైకొస్తుంది, గడ్డ రుచి గడ్డకు వస్తుంది. రెండో రోజు దాటించకండి, వాతావరణం అప్పటికే వేడెక్కుతూ ఉంటుంది.

షుగర్ ఉన్నవాళ్ళకు దీన్ని పెట్టి "దుంపే కదా, ఏం కాదు" అని ధైర్యం చెప్పకండి. నీళ్ళలో ఉడకబెట్టిన కందగడ్డ రక్తంలో చక్కెరను నెమ్మదిగా పెంచుతుంది, కాల్చింది గబుక్కున పెంచుతుంది. మనం గంటన్నర కూర్చుని చేసిన పనే దానికి కారణం. వాళ్ళకు విడిగా రెండు చిన్న గడ్డలు ఉడకబెట్టి ఇవ్వండి, భక్ష్యం వైపు చూడనివ్వకండి.

గంపలో రెండు మూడు గడ్డలు మొలకలెత్తుతాయి. పారేయకండి. నాగారంలో, రాంపల్లిలో ఇంటి పక్కన ఖాళీ జాగా ఇంకా కొంచెం మిగిలే ఉంది. అదీ లేకపోతే డాబా మీద సగానికి కోసిన ప్లాస్టిక్ డ్రమ్ము చాలు. మొలకెత్తిన గడ్డను మట్టిలో పూడ్చి ఎండాకాలమంతా తీగను బతికించుకోండి. దసరా రోజుల్లో జానెడు ముక్కలు కోసి, వదులు మట్టిలో రెండు కణుపులు లోపలికి పోయేలా నాటండి. పశువుల ఎరువు మరీ ఎక్కువ వేస్తే తీగ ఏపుగా పెరిగి గడ్డ ఊరదు. నాలుగు నెలలకు, అంటే మళ్ళీ శివరాత్రికి, తవ్వుకోవచ్చు. మధ్యలో లేత ఆకులు కోసి పప్పులో వేసుకోండి. ఎలుకలు మాత్రం మీకంటే ముందు కనిపెడతాయి, డ్రమ్ము చుట్టూ జాలీ కట్టండి.