బయటికి రండి... బయటికి రావద్దు!

ఎండాకాలం వచ్చిందంటే మన పత్రికల్లో రెండు పేజీలు పక్కపక్కనే పోట్లాడుకుంటాయి. ఎడమ పేజీలో అధికారుల హెచ్చరిక: ఉదయం 11 నుంచి సాయంత్రం 4 దాకా అత్యవసరమైతే తప్ప బయటికి రావద్దు. కుడి పేజీలో వేసవి ప్రత్యేకం: సెలవుల్లో పిల్లల్ని నాలుగు గోడల మధ్య కట్టిపడేయకండి, ప్రకృతి ఒడిలోకి తీసుకెళ్లండి. రెండూ చదివిన బుద్ధిమంతుడైన హైదరాబాదీ తండ్రి ఏం చేస్తాడు? పిల్లల్ని కారెక్కించి, అద్దాలెత్తి, ఏసీ పెట్టి, ప్రకృతి పక్కనుంచి ఓ రౌండు కొట్టించి, నేరుగా మాల్‌కు తీసుకెళ్తాడు. ఇద్దరి మాటా దక్కించినట్టే!

అంత భయం అక్కర్లేదు. మే నెలలో కూడా ఈ మహానగరంలో ఆరుబయట హాయిగా గడపొచ్చు. కాస్త టైం చూసుకోవాలి, ఇంకాస్త జేబు చూసుకోవాలి, అంతే.

ముందు తెల్లవారుజాము సంగతి. చలో కేబీఆర్ పార్కు. నిజాం వారసుడి చిరాన్ ప్యాలెస్ ఉన్న ఆవరణే ఇప్పుడు జాతీయ ఉద్యానం, దాదాపు 390 ఎకరాల అడవి. లోపల నెమళ్లున్నాయి, వాటికంటే ఎక్కువ రంగుల్లో బూట్లున్నాయి. ఇక్కడ నడక అనేది ఒక వంక. కోకాపేటలో గజం ఎంత, ఫలానా అధికారికి ఎక్కడ పోస్టింగు, అమెరికా అబ్బాయికి వీసా ఉందా లేదా, ఇవన్నీ ఒక్క రౌండులో తేలిపోతాయి. ఎనిమిదింటికి ఎండ చురుక్కుమనగానే గేటు దగ్గర కాకరకాయ రసం గుటుక్కున మింగి, ఎవరి కారు వాళ్లు ఎక్కేస్తారు. రెండు కిలోమీటర్లు నడవడానికి పది కిలోమీటర్లు కారులో రావడాన్నే మనం ఆరోగ్య స్పృహ అంటున్నాం.

నడక పాతబడిందా? సైకిలెక్కండి. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు. పైన సోలార్ పలకలు, కింద సైకిళ్లు. ఎండను పైనే పట్టేసి కరెంటు చేస్తారు, కింద మనకు నీడ మిగుల్తుంది. నిజంగానే మంచి ఆలోచన, వెక్కిరించడానికి మనసొప్పదు. కాకపోతే అక్కడిదాకా సైకిల్ తొక్కుకుంటూ పోవాలంటే ఇన్సూరెన్సు ముందే కట్టి ఉండాలి. అందుకే జనం సైకిల్‌ను కారు వెనక కట్టుకుని వెళ్తారు. పెట్రోలు తాగే బండి వీపున కూర్చుని సైకిల్ ఊరు చూస్తూ పోతుంది.

పది దాటాక జూపార్కు. 1963లో తెరిచిన ఈ నెహ్రూ జూలో వేసవి వస్తే జంతువులకు రాచమర్యాదలు మొదలవుతాయి. ఏనుగుకు నీళ్ల జల్లు, ఎలుగుబంటికి పుచ్చకాయ, పులికి కూలర్. టికెట్ కొన్న మనిషి మాత్రం బిడ్డను భుజానెత్తుకుని, నెత్తిన జేబురుమాలు వేసుకుని, కూలర్ ముందు కునుకు తీస్తున్న పులి వంక ఈర్ష్యగా చూస్తుంటాడు. ఎవరు లోపలున్నారో, ఎవరు బయటున్నారో అక్కడ తేల్చి చెప్పడం కష్టం.

ఇక నడి మధ్యాహ్నం. బయటికి రావద్దన్న వేళ కదా, ఎవరూ ఉండరనుకుంటాం. ఏదైనా పెద్ద సిగ్నల్ దగ్గర నిలబడి చూడండి. గీత ఒకచోట ఉంటుంది, బళ్లు మాత్రం యాభై అడుగుల వెనక, ఫ్లైఓవర్ నీడ పడినచోట ఆగుతాయి. మెట్రో పిల్లర్ నీడ సన్నగా పడితే అందులోనే స్కూటర్లు ఒకదాని వెనక ఒకటి బారులు తీరతాయి. చలాన్లు రాసి రాసి పోలీసులు ఏళ్ల తరబడి నేర్పలేని క్రమశిక్షణ అది. ఆ బారులో సగం మంది డెలివరీ కుర్రాళ్లు. వీపు మీద సంచిలో ఐస్‌క్రీం చల్లగా ఉంటుంది, మోసేవాడు పొగలు కక్కుతుంటాడు. ఆరుబయట ఇంతసేపు గడిపేవాళ్లు ఊళ్లో ఇంకెవరూ లేరు కానీ, వేసవి ప్రత్యేక పేజీకి వాళ్ల ఫొటో పనికిరాదు. కరిగిన ఐస్‌క్రీంకు ఒక స్టార్ తగ్గించడానికైతే పనికొస్తారు.

ఇంతకీ నీడలన్నీ ఎక్కడ దాచారు? 1966 జూన్ 2న, రోళ్లు పగిలే రోహిణి కార్తెలో, ఈ ఊళ్లో 45.5 డిగ్రీలు నమోదైంది. ఆనాటి ఇళ్ల ముందు వేపచెట్టుండేది. ఇప్పుడు 41కే గగ్గోలు పెడుతున్నామంటే, ఆ వేపచెట్టున్న చోట స్టిల్ట్ పార్కింగ్ వచ్చింది కాబట్టే. దాని కింద కారు చల్లగా ఉంటుంది. పైన మనం ఉంటాం, పగలంతా మింగిన వేడిని రాత్రంతా మన మీద కక్కే గోడల మధ్య. 2025 ఏప్రిల్‌లో, ఎండ ముదురుతున్న వేళ, కంచ గచ్చిబౌలిలో చెట్లు నేలకొరుగుతుంటే ఆపమని చెప్పడానికి సుప్రీంకోర్టు దిగిరావలసి వచ్చింది. చెట్టు మనిషికి నీడనివ్వడం పాత మాట. చెట్టుకే ఇప్పుడు సుప్రీంకోర్టు నీడ కావాలి.

మిగిలిన చెట్లు పార్కుల్లో ఉన్నాయి, భద్రంగా, తాళం వేసి. మా వైపు ఓ కాలనీ పార్కు ముందు మొన్న మిట్టమధ్యాహ్నం జరిగిన ముచ్చట ఇది. కేబుల్ కోసం రోడ్డు తవ్వుతున్న ఆలుమగలిద్దరు సద్ది డబ్బా పట్టుకుని గేటు దగ్గరికొచ్చారు.

“అన్నా, జర గా చెట్టు కింద గంటసేపు నడుం వాల్చిపోతం.”

“టైం అయింది. పార్కు బందు. మల్ల నాలుగింటికి తీస్తం.”

“ఎండ దిగినంక నీడతోని ఏం పని అన్నా?”

“నాకేం తెల్వదు. బోర్డు మీద గట్లే రాసుంది.”

బోర్డు మీద ఇంకా చాలానే రాసుంది. పచ్చికపై నడవరాదు, ఆటలు ఆడరాదు, పడుకోరాదు. అన్నిటికంటే కింద, ఆకుపచ్చ రంగులో, ‘ఈ పార్కు మీదే’ అని ఉంది. లోపలి కానుగ చెట్టుకు చదువు రాదు కాబట్టి ఒక కొమ్మను గోడ దాటించి రోడ్డు మీద కాస్త నీడ పరిచింది. వాళ్లిద్దరూ అటు నడిచారు. అక్కడ అప్పటికే ఓ కారు పార్క్ చేసి ఉంది.

సాయంత్రం ట్యాంక్‌బండ్‌కు వెళ్లొచ్చు. ముంజలున్నాయి, చెరకు రసం ఉంది. ఎన్టీఆర్ హయాంలో నిలబెట్టిన కవులూ సంస్కర్తలూ పగలంతా గొడుగు లేకుండా మాడి అప్పుడప్పుడే చల్లబడుతుంటారు. హుస్సేన్‌సాగర్ మీదుగా గాలి వీస్తే చల్లదనమూ వస్తుంది, వాసనా వస్తుంది. చల్లదనం అక్కడే ఆగిపోతుంది, వాసన ఇంటిదాకా దిగబెడుతుంది. రాత్రయితే బాక్స్ క్రికెట్. ప్లాస్టిక్ గడ్డి, చుట్టూ వల, పైన వల, గంటకింత అద్దె. ఒకప్పుడు ఖాళీ జాగాలో ఊరికే ఆడిన ఆటే, ఇప్పుడు పంజరంలో డబ్బు కట్టి ఆడుతున్నాం. ఆరుబయట అంటే ఇంతేనని పిల్లలు నమ్మేశారు కూడా.

కాబట్టి నగరపాలక పెద్దలకు ఒక విన్నపం. ఏప్రిల్, మే నెలల్లో పార్కుల వేళలు తిరగేయండి. 11 నుంచి 4 దాకా గేట్లు బార్లా తెరవండి, ఓ కుండెడు నీళ్లు పెట్టించండి, పడుకునేవాళ్లను పడుకోనివ్వండి. పొద్దున్నే నడిచేవాళ్ల గురించి బెంగ వద్దు, వాళ్ల ఇళ్లల్లో బట్టలారేసుకునే ట్రెడ్‌మిల్లులున్నాయి. ఇంతమంది వచ్చి పడుకుంటే పచ్చిక పాడైపోతుందంటారా? రోహిణి కార్తె దాకా ఆగండి. ఎవరూ అడుగు పెట్టకపోయినా అది ఎలాగూ పాడవుతుంది.